తువాల కింది చెయ్యి

"గా చెయ్యి ఎవలిదో నాకు ఇప్పుడు తెల్వాలె," అన్నాడు రఘునందన్. అతను ఆ కంటి దవాఖాన మేనేజరు. అతని గొంతు పెరగగా ఆర్మూరులో విన్నవాళ్ళు లేరు. ఆ రోజు మాత్రం రోడ్డు మీది ఆటోవాళ్ళు కూడా విన్నారు.

హాల్లో ఒక్కరూ కదల్లేదు. కుర్చీలు నిండి, గోడల వెంట కూడా జనం కూర్చున్నారు. అందరికీ ఒకే ఆకుపచ్చ గౌను, ఒకే ఆకుపచ్చ టోపీ. అందరి కళ్ళలోనూ చుక్కల మందు పడి, కంటిపాపలు నేరేడు పండ్లలా విచ్చుకుని ఉన్నాయి. ఎదురుగా నిలబడ్డది మేనేజరో, మంచినీళ్ళ డ్రమ్మో తేల్చుకోలేని ఆ జనానికి ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. సూది రేటు పదహారు వేలు. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా ఎవరూ లోపలికి వెళ్ళరు.

లోపలి గదిలో డాక్టర్ పద్మలత చేతులకు గ్లోవ్స్ తొడుక్కుని, దేన్నీ ముట్టుకోకుండా గాల్లో పట్టుకుని, పొద్దుటి నుంచీ మొదటి పేషెంటు కోసం ఎదురుచూస్తోంది. బయట చివరి కుర్చీలో ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసర్ దయానంద్ కళ్ళనీళ్ళు కార్చుకుంటూ, తన ఫైలును తలకిందులుగా పట్టుకుని చదవడానికి ప్రయత్నిస్తున్నాడు.

"గా చెయ్యి నీదే గద సారూ," అన్నాడు ముత్తెన్న నిదానంగా. "నా పక్కన కూసున్నవు. తువాల కింద చెయ్యి వెట్టినవు. బేరం తెగింది. ఇప్పుడు నాది కాదంటే ఎట్ల?"

"నేను ఏ తువాల కింద చెయ్యి వెట్టలే కాకా."

"మరి ఎవలు వెట్టిండ్రు?"

"గదే నేను అడుగుతున్న," అని రఘునందన్ కూలబడ్డాడు. కూర్చోవడానికి కుర్చీ లేదు గనుక నేల మీదే కూలబడ్డాడు.

నిజానికి పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ముత్తెన్న ఆలోచన చాలా సాదాది. తొందరగా దవాఖానకు పోవాలి, ఎడమ కంట్లో సూది వేయించుకోవాలి, పగటి అన్నం వేళకు ఇంటికి రావాలి. ముత్తెన్న పసుపు దలాల్. కొమ్మును మధ్యకు విరిచి, లోపలి రంగు చూసి, ఈ కుప్ప ఎంత పలుకుతుందో చెప్పేవాడు. ఆయన చెప్పిన రేటుకు, మార్కెట్ యార్డులో పలికిన రేటుకు పెద్ద తేడా ఉండేది కాదు. కొంతకాలంగా ఆ ఎడమ కంటికి కుప్ప నడుమ నల్లటి బొంద కనిపిస్తోంది. కరెంటు స్తంభాలు వంగి నమస్కారం పెడుతున్నాయి. షుగర్ వల్ల కంటి వెనక నీరు చేరిందనీ, సూది మందు పడితే చూపు నిలబడుతుందనీ, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టర్ పద్మలత చెప్పింది.

ఆ మాట ఆమె చెప్పింది కిందటి నెలలో. అప్పుడు కూడా ముత్తెన్న వచ్చాడు. రేటు విన్నాడు. రేటు దిగినంక వస్తానని లేచి వెళ్ళిపోయాడు.

"సూది మందు పసుపా, రేటు సూసుకుంట ఆగుటానికి?" అని భార్య శాంతవ్వ నెలంతా దెప్పింది. బీడీలు చుడుతూ దెప్పింది, బువ్వ పెడుతూ దెప్పింది. చివరికి ముత్తెన్నకు సూది కన్నా ఇంట్లో ఉండటమే ఎక్కువ నొప్పి అనిపించి, ఈ రోజు బయల్దేరాడు.

దవాఖానలో అడుగు పెట్టగానే నర్సు ఆశమ్మ ఇద్దరికీ గౌన్లు, టోపీలు తొడిగింది. తోడు వచ్చినవాళ్ళు కూడా ఆ హాల్లో కూర్చోవాలంటే అవి వేసుకోవాల్సిందే. తర్వాత ముత్తెన్న తల వెనక్కి వంచి కంట్లో చుక్కలు వేసింది. ఒకటికి రెండుసార్లు వేసింది. లోకం మసకబారుతుండగా ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చునే కృప వచ్చింది.

"కాకా, మన ప్యాకేజీ ముప్పై రెండు వేలు. మీ కంపెనీ పద్దెనిమిది వేలు ఇస్తదట. మిగిలిన పద్నాలుగు మీరు కట్టాలె."

"నేనెందుకు కట్టాలె బిడ్డా? ఏటేటా ప్రీమియం సగమే కడ్త అంటే ఆళ్ళు ఊకున్నరా?"

"కంటి సూదికి గంతే లిమిట్ అట కాకా."

పక్క కుర్చీలో నందిపేట్ నుంచి వచ్చిన పోచన్న ఉన్నాడు. కూలి పని చేసుకునే మనిషి, ఇన్సూరెన్స్ లేదు. ఆయనకూ అదే సూది రాశారు. "నాకు ఇరువై నాలుగు జెప్పిండ్రు గదా," అన్నాడు పోచన్న అమాయకంగా.

ముత్తెన్న తల గిర్రున తిరిగింది. "ఒకటే సూదా?"

"ఒకటే కాకా," అంది కృప.

"ఒకటే డాక్టరమ్మా?"

"ఆ."

"మరి ఆయనకు ఇరువై నాలుగు, నాకు ముప్పై రెండు ఎట్లయితది? నా కన్నేమన్న పెద్దగున్నదా?"

కృప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కంపెనోళ్ళ పైసలు నెలలు గడిచినంక వస్తయి కాకా. గందుల కూడ కోతలు వెడ్తరు. గందుకే ఆళ్ళ బిల్లు జర ఎక్కువుంటది."

"ఆళ్ళు కోస్తరని మీరు ఎక్కువ ఏస్తరు. మీరు ఎక్కువ ఏస్తరని ఆళ్ళు కోస్తరు. నడుమ నా కన్ను," అన్నాడు ముత్తెన్న.

ఆయన పుట్టి పెరిగిన వ్యాపారంలో ఒకే కుప్పకు ఒకే పూట రెండు రేట్లు ఉండటం పాపం. అలాంటి పని చేసినవాడి తూకం దగ్గరికి మర్నాడు ఎవరూ పోరు. "లేవే, ఇంటికి వోదం," అన్నాడు శాంతవ్వతో. తర్వాత ఇంట్లో ఎదురుచూస్తున్న మరో నెల దెప్పుళ్ళు గుర్తుకొచ్చాయేమో, కాస్త మెత్తబడ్డాడు. "లేకుంటే మేనేజర్‌ను పిలువుండ్రి. ఆయనతోని బేరం మాట్లాడ్త. తెగితే సూది, తెగకుంటే బస్సు."

శాంతవ్వ లేచి కృప వెనకాల కౌంటర్ దగ్గరికి వెళ్ళింది.

మార్కెట్లో ఇప్పుడు రేట్లు కంప్యూటర్ తెర మీద పడుతున్నాయి. ముత్తెన్న నేర్చుకున్న బేరం మాత్రం తెరల కన్నా పాతది. ఇద్దరి చేతుల మీదా తువాల కప్పుకోవాలి. కింద వేళ్ళతో మాట్లాడుకోవాలి. ఒక వేలు పడితే ఒకటి, పిడికిలి పడితే ఐదు. వందలా, వేలా అన్నది ఇద్దరికీ ముందే తెలుసు. చుట్టూ జనం ఉన్నా రేటు ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా పెద్ద నియమం ఏమిటంటే, నోరు విప్పకూడదు. నోరు విప్పినవాడి బేరం చెడినట్టే.

రఘునందన్ వచ్చాడు. లోపలి గదికి పోవాల్సిన పని ఉండి అతనూ గౌను, టోపీ వేసుకునే ఉన్నాడు. శాంతవ్వ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, "చెప్పు కాకా, ఏందో నీ ఫికర్," అన్నాడు. ముత్తెన్న భుజం మీది తువాల తీసి ఒడిలో పరిచాడు. ఆ పరవడంలో ఒక మర్యాద ఉంది, ఒక తీరు ఉంది, అందువల్ల ఆలస్యమూ ఉంది. ఈలోగా మేనేజర్ ఫోన్ మోగింది. ఒక ఆకుపచ్చ మసక లేచినట్టు, కాసేపటికి ఒక ఆకుపచ్చ మసక వచ్చి కూర్చున్నట్టు ముత్తెన్నకు లీలగా తెలిసింది. ఫోన్ మాట్లాడి వచ్చాడనుకున్నాడు. "చెయ్యి వెట్టు సారూ," అన్నాడు.

తువాల కిందికి ఒక చెయ్యి వచ్చింది. వేళ్ళ కొసలు గరుకుగా ఉన్నాయి. మేనేజర్ పని కనిపించేంత సుఖమైంది కాదన్నమాట అనుకుని ముత్తెన్న మనసులోనే జాలిపడ్డాడు. ఆ జాలి బేరంలోకి రానివ్వకుండా, పిడికిలి రెండుసార్లు నొక్కాడు. పది.

ఆ చెయ్యి ఆయన అరచేతిని గట్టిగా గిచ్చింది.

ముత్తెన్నకు ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి బేరగాడు తగిలి ఎంత కాలమైంది. రెండు పిడికిళ్ళు, రెండు వేళ్ళు ఇచ్చాడు. అవతలి చెయ్యి నాలుగు పిడికిళ్ళు ఇచ్చింది. ఈయన ఒక వేలు పెంచాడు. ఆ చెయ్యి రెండు వేళ్ళు దిగింది. చివరికి మూడు పిడికిళ్ళు, ఒక వేలు దగ్గర ఆ చెయ్యి రాయిలా నిలబడింది. ముత్తెన్న లాగాడు, వదిలాడు, చెయ్యి వెనక్కి తీసుకుంటున్నట్టు నటించాడు. ఆ చెయ్యి కదల్లేదు. ఇక ఇంతకన్నా దిగదని ఆయనలోని దలాల్‌కు తెలిసిపోయింది. ఒప్పుకున్నట్టుగా ఆ అరచేతిని తట్టాడు.

అక్కడితో లేచి సూది గదిలోకి వెళ్ళి ఉంటే ఈ కథే లేదు. కానీ మంచి బేరం కడుపులో దాచుకోవడం ముత్తెన్నకు చేతకాని పని.

"తెగింది," అని హాలంతా వినబడేలా చెప్పాడు. "పదహారు వేలు."

"మరి మాకో?" అన్నాడు పోచన్న.

"కుప్పకు ఒక్కటే రేటు. అందరికీ పదహారే."

పోచన్న వెంటనే నందిపేట్‌లోని తన అక్కకు ఫోన్ చేశాడు. ఆమెకూ ఇదే సూది రాసి కొన్ని నెలలైంది, రేటు విని రావడం మానేసింది. ఆమె పక్కింట్లో చెప్పింది. పక్కింటావిడ సిరికొండలోని చెల్లెలికి చెప్పింది. సూది రాయించుకుని, చీటీ మడిచి ట్రంకు పెట్టెలో దాచుకున్న వాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంతమంది ఉన్నారని దవాఖానకే తెలియదు. ఎండ ముదిరేసరికి ఒకటి తర్వాత ఒకటి షేరాటోలు దవాఖాన ముందు ఆగసాగాయి. ఎవరో కంటి క్యాంపు పెట్టారనుకుని ఆశమ్మ వచ్చినవాళ్ళకు వచ్చినట్టు చీటీ చూసి, గౌను తొడిగి, చుక్కలు వేసింది.

ఇంత జరుగుతుంటే ముత్తెన్న ఊరికే కూర్చోలేదు. పక్కవాడి చేత నంబర్ కొట్టించి ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశాడు.

"అమ్మా, నీ కంపెనీకి మస్తు లాభం చేసిన. ముప్పై రెండున్న సూదిని పదహారుకు దించిన. నా దలాలీ ఎంతిస్తరు?"

"సార్, దవాఖాన వాళ్ళు పదహారుకు ఇస్తూ, మాకు ముప్పై రెండు బిల్లు పంపారా?" అని అడిగింది అవతలి అమ్మాయి.

"అవు తల్లీ," అన్నాడు ముత్తెన్న సంతోషంగా.

వేరే పని మీద ఆర్మూరులోనే ఉన్న దయానంద్‌కు కంపెనీ నుంచి ఫోన్ వెళ్ళింది. అతను చేతిలో ఫైలు, ముఖంలో అనుమానం పెట్టుకుని దవాఖానకు వచ్చాడు. హాల్లోకి రావాలంటే గౌను వేసుకోవాలన్నారు, వేసుకున్నాడు. ఒక కుర్చీ దొరికితే కూర్చున్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి అర్థమయ్యేలోగా ఆశమ్మ అతని గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచింది.

"నేను పేషెంటును కాదమ్మా. ఇన్సూరెన్స్ ఆఫీసర్ను."

"సూదికి భయపడి అందరూ ఏదో ఒకటి చెప్తనే ఉంటరు బిడ్డా," అని రెండు కళ్ళలోనూ చుక్కలు వేసేసింది. చీటీ అడిగేలోపే బయట మరో ఆటో ఆగింది.

ఫోన్ మాట్లాడి, బ్యాంకు పని చూసుకుని తిరిగొచ్చిన రఘునందన్‌కు తన దవాఖాన ఈ స్థితిలో కనిపించింది. అతను అరిచి, నేల మీద కూలబడింది అప్పుడే.

"ఒక్క నిమిషం," అన్నాడు దయానంద్ చివరి కుర్చీలోంచి, గోడ వైపు తిరిగి. అక్కడ మేనేజర్ ఉన్నాడని అతని నమ్మకం. "పదహారుకు ఒప్పుకున్నది ఎవరో తేలాలె. మీ మనిషైతే ముప్పై రెండు బిల్లు మీద మా కంపెనీ కేసు వెడ్తది. మీ మనిషి కాకపోతే ఈ రేటు చెల్లదు. గీళ్ళందరూ ఇంటికి వోవాలె."

ఇంటికి వోవాలె అన్న మాట ముత్తెన్నకు గుచ్చుకుంది. పోచన్న, పోచన్న అక్క, ఆటోల్లో వచ్చిన వీళ్ళందరూ తన మాట నమ్మి వచ్చారు. ఇప్పుడు ఇంటికి పోతే మళ్ళీ రారు. తానూ రాడు. ఆ సంగతి తనకు బాగా తెలుసు. కుప్ప నడుమ బొంద రోజురోజుకూ పెద్దదై, ఒకనాడు కుప్పే కనిపించకుండా పోతుంది.

"నేను పట్టిస్త," అన్నాడు. "నోటి మాట మర్సిపోత గని, బేరమాడిన చెయ్యి మర్వ. ఒక్కొక్కలు వచ్చి తువాల కింద చెయ్యి వెట్టుండ్రి."

పోలీసుల దగ్గర కూడా ఇలాంటి విచారణ జరిగి ఉండదు. రఘునందన్ చెయ్యి చెమటతో తడిసి ఉంది. కాదు. పోచన్న చెయ్యి నాగలి మేడిలా ఉంది. కాదు. ఆశమ్మ చెయ్యి మందు వాసన వేసింది. కాదు. దయానంద్ తాను ముందు ఇక్కడ లేనని ఎంత మొత్తుకున్నా వరుసలో నిలబడాల్సి వచ్చింది. "గింత మెత్తటి చెయ్యి ఏం బేరమాడ్తది," అని ముత్తెన్న దాన్ని వెంటనే వదిలేశాడు.

అప్పుడు సూది గది తలుపు తెరుచుకుంది. డాక్టర్ పద్మలత చేతులు గాల్లో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, హాలును ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"వీళ్ళందరూ నా పేషెంట్లే," అంది. "సూది రాసిచ్చిన నాడు పోయినోళ్ళు మళ్ళ కనవడలే. ఎందరికి చూపు పోయిందో అని అనుకుంట ఉన్న. ఒక్కరోజే ఎట్ల వచ్చిండ్రు?"

"రేటుకు మేడం," అన్నాడు రఘునందన్ నేల మీది నుంచి. "ఎవడో తువాల కింద పదహారు అన్నడట."

"మరి గదే మందు మన దేశంల తయారైంది తక్కువకు వస్తది గద. గింతమందికి ఒక్కసారే తీసుకుంటే డీలర్ ఎంతకిస్తడో అడిగినవా ఎన్నడన్న?"

రఘునందన్ అడగలేదు. ఎందుకంటే ఇంతమంది ఒక్కసారి వస్తారని ఎవరూ ఏనాడూ అనుకోలేదు. నిజామాబాద్ డీలర్‌కు ఫోన్ కలిపాడు. డీలర్ ముందు నవ్వాడు. ఎన్ని డబ్బాలో విన్నాక నవ్వు ఆపాడు. తర్వాత మళ్ళీ చేస్తానని పెట్టేశాడు, మళ్ళీ చేశాడు, ఈ పూటే డబ్బాలు పంపుతానని ఒక అంకె చెప్పాడు. రఘునందన్ ఆ అంకెను అరచేతి మీద రాసుకుని, దాని పక్కన డాక్టర్ ఫీజు, గది ఖర్చు వేసుకుని, మొత్తం కూడాడు.

"పదహారు నడుస్తది మేడం," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "జర మిగుల్తది కూడ."

"అందరికీ ఒక్కటే బిల్లా? మాక్కూడనా?" అన్నాడు దయానంద్.

"అందరికీ."

"అయితే మా లిమిట్ లోపలే ఉన్నది. పేషెంట్ ఏం కట్టనక్కర్లే. పాత బిల్లు వాపస్ తీసుకోండ్రి, నేను ఇక్కడే ఓకే చేస్త." దయానంద్ ఫైలును ఈసారి అడ్డంగా తిప్పి చూశాడు, లాభం లేకపోయింది. "కాని రిపోర్టుల రేటు ఎవలెవల నడుమ తెగిందో రాయాలె. ఆ రెండో మనిషి దొరకాలె."

ముత్తెన్న తువాల ఇంకా ఒడిలోనే ఉంది. పక్క కుర్చీలో ఎవరో వచ్చి కూర్చున్నారు. ఒక చెయ్యి తువాల కిందికి వచ్చి, ఆయన చేతిని వెతికి పట్టుకుంది. పిడికిలి, పిడికిలి, పిడికిలి. తర్వాత ఒక్క వేలు.

ఆయన మసకలోనే మెల్లగా అటు తిరిగాడు.

"నువ్వా?"

"నేనే," అంది శాంతవ్వ. "లేచి పోయేటట్టు కనవడ్డవు. బేరం తెగితే లోపలికి వోతవని నేనే చెయ్యి వెట్టిన. మిగిలిన పద్నాలుగు వేలు నా బీడీల పైసలనుంచి కడ్తనని కృప బిడ్డతోని చెప్పొచ్చిన. నువ్వు ఊరంత చాటిస్తవని నాకేం ఎర్క?"

కౌంటర్ వెనక నుంచి కృప తలూపింది. "అవు, అవ్వ చెప్పింది. తువాల సంగతి చెప్పలే."

"మరి పదికే ఒప్పుకోకపోయినవా? గిచ్చినవెందుకు?" అన్నాడు ముత్తెన్న. ఆయన బాధ ఇప్పుడు అది.

"పదికే సరే అంటే మందు నకిలీదని లేచి పోదువు. నాకు తెల్వదా నీ సంగతి? రోజూ బువ్వ తినుకుంట బేరాలన్నీ వేళ్ళమీద ఆడి సూపిస్తివి గద."

"నీ చెయ్యి నాకెట్ల తెల్వలే?"

"పట్టుకుంటె గద తెలిసేది," అంది శాంతవ్వ.

హాల్లో ఆడవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత మగవాళ్ళు, నవ్వాలా వద్దా అని ఆలోచించుకుని, నవ్వారు. పద్మలత గుమ్మంలోంచి పిలిచింది. "ముత్తెన్నా, నీదే మొదటి సూది. చుక్కల పవర్ పోకముందే రా."

ముత్తెన్న లేచాడు. దయానంద్ చెయ్యి అడ్డం పెట్టాడు. అది తగిలింది తలుపుకే అయినా, ముత్తెన్న ఆగాడు.

"పేరు చెప్పి పో కాకా. రెండో మనిషి పేరు."

"మా ఇంట్లది."

"ఇంట్లది అని రాస్తే పై ఆఫీసుల ఒప్పుకోరు."

"పిల్లల తల్లి."

"పేరు కాకా. బేరమాడినోడే చెప్పాలె. నువ్వు చెప్పందే ఓకే కాదు."

హాలు మొత్తం కనిపించని కళ్ళతో ముత్తెన్న వైపే చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు, తువాలతో మొహం తుడుచుకున్నాడు, వెనక్కి తిరిగి ఆ ఆకుపచ్చ మసక ఎక్కడ ఉందో సరిచూసుకున్నాడు.

"శాంతవ్వ," అన్నాడు గట్టిగా.

పెండ్లయిన నాటి నుంచి ఆయన నోట ఆ పేరు రావడం అదే మొదలు. దానికి కూడా ఇన్సూరెన్స్ కంపెనీ అడగాల్సి వచ్చింది.